గోడ మీది గీతలు, గోడ మీది రాతలు

తెల్లవారుజామున ఐదింటికే గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరి ఉంటాయి. పాలేరు వంతెన దాటితే తెలంగాణ. ఆ లారీల పక్కనుంచి, రోడ్డు అంచునే, పది పన్నెండు మంది కుర్రాళ్ళు రోజూ పరుగెత్తుతారు. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడినా పడకపోయినా వాళ్ళ ప్రాక్టీసు మాత్రం ఆగదు. వాళ్ళు పరుగు, నేను నడక. ఒకరోజు వాళ్ళలో ఒకడు పరుగాపి నా పక్కన నడవడం మొదలుపెట్టాడు. పందొమ్మిదేళ్ళవాడు, ఇంటర్లో నా స్టూడెంటే.

"సార్, నేనింకా ఎత్తు పెరుగుతానా?"

ముప్పై ఏళ్ళు జగ్గయ్యపేట, నందిగామల్లో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పాను కాబట్టి నాకొకటి తెలుసు. మగపిల్లలు అడిగే మొదటి ప్రశ్న అసలు ప్రశ్న కాదు. ఎత్తుతోనో మొటిమలతోనో మొదలుపెడతారు. అసలు సంగతి బూటు లేసు కట్టుకునే వంకతో, తల వంచుకుని బయటపెడతారు. వీడూ అదే చేశాడు. అక్కడికి తర్వాత వస్తాను. ముందు ఎత్తు సంగతి చూద్దాం, అదీ చిన్న దిగులేం కాదు.

కానిస్టేబుల్ ఉద్యోగానికి మగవాళ్ళ కనీస ఎత్తు 167.6 సెంటీమీటర్లు. పాత లెక్కలో ఐదడుగుల ఆరంగుళాలు. ఛాతీ 86.3 ఉండాలి, ఊపిరి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. వీడు తన ఎత్తు 166.4 అన్నాడు. ఎప్పుడు కొలిచావురా అంటే, సాయంత్రం గ్రౌండు నుంచి వచ్చాక, స్నేహితుడి చేత, టైలరు టేపుతో అన్నాడు.

ఆ కొలత పనికిరాదు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళలుంటాయి. పగలంతా నిలబడి, పరుగెత్తి, బరువులు మోస్తే అవి అణిగిపోతాయి. రాత్రి పడుకుంటే నీరు పీల్చుకుని మళ్ళీ ఉబ్బుతాయి. అందుకే నిద్ర లేవగానే ఉన్న ఎత్తు సాయంత్రానికి ఒక సెంటీమీటరు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. కొలవాలనుకుంటే లేచీ లేవగానే కొలువు. చెప్పులు తీసెయ్. మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి, చూపు ఎదురుగా పెట్టు. నెత్తి మీద అట్ట ఉన్న పుస్తకం పెట్టి, దాని ఒక అంచు గోడకు పూర్తిగా ఆనేలా చూసి, కింద పెన్సిల్‌తో గీత గియ్యమను. తాపీమేస్త్రీ దగ్గరుండే ఇనుప టేపుతో నేల నుంచి గీత దాకా కొలిచి, పక్కన తేదీ వెయ్యి. మూడు నెలల తర్వాత అదే గోడ దగ్గర, అదే వేళకు మళ్ళీ కొలువు. ఒకసారి కొలిస్తే ఎంత ఉన్నావో తెలుస్తుందంతే. పెరుగుతున్నావో లేదో తెలియాలంటే రెండో గీత పడాలి.

ఇంకో లెక్క ఉంది. పిల్లల వైద్యులు వాడతారు. నాన్న ఎత్తు, అమ్మ ఎత్తు కలిపి, దానికి 13 సెంటీమీటర్లు చేర్చి రెండుతో భాగించాలి. నాన్న 165, అమ్మ 152 అనుకో. మొత్తం 330, సగం 165. మగపిల్లాడు దీనికి అటో ఇటో ఎనిమిది సెంటీమీటర్ల లోపల తేలతాడని అంచనా. కచ్చితమేం కాదు. కానీ నువ్వు ఎవరి బిడ్డవో మర్చిపోయి సినిమా హీరో పక్కన నిలబడి కొలుచుకోకుండా ఆపుతుంది.

పొడుగాటి ఎముకల చివర్లలో పెరిగే పొర ఉంటుంది. అది గట్టిపడి ఎముకలో కలిసిపోతే ఎత్తు ఆగినట్టే. చాలామంది మగపిల్లలకు పదిహేడు పద్దెనిమిదేళ్ళకు అది జరిగిపోతుంది. ఆలస్యంగా వయసుకొచ్చిన కొద్దిమందికి ఇంకో ఏడాది రెండేళ్ళు సాగుతుంది. అనుమానముంటే ఎడమ మణికట్టుకు ఎక్స్‌రే తీసి డాక్టరు చెప్పగలడు. ఆ పొర మూసుకున్నాక ఏ పొడి తిన్నా, ఏ క్యాప్సూలు మింగినా, కమ్మీకి ఎంతసేపు వేలాడినా, ఎముక సాగదు. ఎత్తు పెంచుతామని మందు మీద రాసి అమ్మకూడదని మన దేశపు డ్రగ్స్ రూల్స్‌లోనే ఉంది. షెడ్యూల్-జె అని ఒక పట్టిక. అందులో ఎత్తు పెంచడం, ఒంటి రంగు తెల్లబరచడం, జననాంగాల పరిమాణం పెంచడం అన్నీ ఉంటాయి. కుర్రాళ్ళ దిగుళ్ళన్నీ ఆ పట్టిక రాసినవాళ్ళకు ముందే తెలుసన్నమాట.

వయసుకు రావడం అందరికీ ఒక్కసారే జరగదని చెబితే పిల్లలు తలూపుతారు గానీ నమ్మరు. వాళ్ళకు అంకె కావాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జేమ్స్ టానర్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ దగ్గర హార్పెండెన్‌లో పిల్లల్ని ఏళ్ళ తరబడి, మళ్ళీ మళ్ళీ కొలిచి లెక్క రాశాడు. 1970లో మార్షల్ అనే సహచరుడితో కలిసి మగపిల్లల మార్పుల క్రమాన్ని అచ్చువేశాడు. ఈరోజుకీ డాక్టర్లు వాడేది ఆ మెట్లనే. మగపిల్లాడిలో మార్పు తొమ్మిదేళ్ళకు మొదలైనా మామూలే, పద్నాలుగు నిండుతుండగా మొదలైనా మామూలే. మధ్యలో ఐదేళ్ళ తేడా. తొమ్మిదో తరగతిలో ఒకే బెంచీ మీద ఒకడు నూనూగు మీసాలతో, ఇంకొకడు చంటిపిల్లాడి మొహంతో కూర్చోవడానికి కారణం అదే. రెండోవాడు ఆ ఏడంతా పొట్టోడు, బక్కోడు అనిపించుకుంటాడు. రెండేళ్ళ తర్వాత అతనే మొదటివాడికన్నా పొడుగు కావచ్చు కూడా.

వేళ మారినా వరస పెద్దగా మారదు. ముందు వృషణాలు పెద్దవవుతాయి, ఇది బయటికి కనపడదు. తర్వాత రోమాలు, తర్వాత ఒక్కసారిగా ఎత్తు, దాంతోపాటు గొంతు. మీసం మూతి చివర్లలో మొదలై మధ్యకు వస్తుంది. తర్వాత చెంపలు, అన్నిటికన్నా ఆఖరికి గడ్డం. నిండు గడ్డం ఇరవై దాటాక వచ్చేవాళ్ళు బోలెడుమంది. పందొమ్మిదేళ్ళకు చెంపల మీద ఖాళీలున్నాయని నూనెలు రుద్దేవాళ్ళు ఈ వరస ఒకసారి చదువుకోవాలి. పద్నాలుగు నిండినా ఏ మార్పూ మొదలుకాకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి. తొమ్మిది నిండకముందే మొదలైనా అంతే.

ఇక బూటు లేసు సంగతి.

"సార్, రాత్రి నిద్రలో... పోతోంది సార్. వారానికోసారి. అందుకే నాకు 1600 మీటర్లకు ఆయాసం వస్తోందంట."

"ఎవరన్నార్రా?"

"గోడ మీద రాసుంది సార్."

ఆ గోడలు నీకూ తెలుసు. బస్టాండు మరుగుదొడ్డి వెనక, రైల్వే గేటు పక్కన, కల్వర్టుల మీద. నరాల బలహీనత అనే మాట పెద్దక్షరాల్లో ఉంటుంది. కింద ఒక లాడ్జి, గది నంబరు, నెలలో ఫలానా తారీఖు. నేనూ వెళ్ళాను. ఇంటర్ రెండో ఏడు. మా అమ్మ మిరపకాయల కోతకు వెళ్ళి తెచ్చిన కూలి డబ్బుల్లోంచి అరవై రూపాయలు తీసి, పుస్తకం కొనాలని అబద్ధమాడి, ఒక టౌను లాడ్జిలో మెట్లెక్కాను. కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి నాచేత గాజు గొట్టంలో మూత్రం పోయించి, సారా దీపం మీద కాచాడు. పైభాగం పాలలా తెల్లబడింది. "చూశావా, నీ ధాతువు" అన్నాడు. నాకు కాళ్ళు వణికాయి. పేపరులో చుట్టిన బూడిదరంగు పొడి, తీపి లేహ్యం డబ్బా తెచ్చుకుని, వడ్ల బస్తాల వెనక దాచి నెలరోజులు తిన్నాను. ఆ నెలంతా లెక్కల పుస్తకం తెరవలేదు. ఇంకేం చదువుతాం, బతకనేమో అనుకుంటుంటే!

నాలుగేళ్ళ తర్వాత డిగ్రీ ల్యాబ్‌లో అదే పని మా మాష్టారు మాచేత చేయించారు. గొట్టంలో మూడొంతులు మూత్రం, పైభాగం మాత్రమే దీపం మీద కాచాలి. తెల్లగా మసకబారింది. నా గుండె మళ్ళీ ఝల్లుమంది. "ఇప్పుడు ఎసిటిక్ ఆసిడ్ మూడు చుక్కలు వెయ్యి" అన్నారు. వేశాను. మసక మొత్తం విడిపోయి నీళ్ళలా తేరుకుంది. అవి ఫాస్ఫేట్ లవణాలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మూత్రంలోనూ ఉంటాయి, వేడికి తెల్లటి మసకగా బయటపడతాయి, ఆమ్లానికి కరుగుతాయి. ఆమ్లం వేశాక కూడా మసక పోకపోతే అది అల్బుమిన్, అప్పుడు కిడ్నీల గురించి ఆలోచించాలి. వీర్యానికీ ఆ తెలుపుకీ సంబంధమే లేదు. లాడ్జిలో ఆ మూడు చుక్కలు వేయలేదు, అంతే తేడా.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో ఈ ప్రయోగం ప్రతి బ్యాచికీ చేసి చూపించాను. సిలబస్‌లో ఉన్నా, లేకపోయినా.

నిద్రలో పోవడం అంటే ఏమిటి? వృషణాలు వీర్యకణాల్ని రాత్రీపగలూ తయారుచేస్తూనే ఉంటాయి. ఎంతకాలమైనా నిలవ చేసుకునే ఖజానా లేదు. కొన్ని లోపలే కరిగి ఒంట్లో కలుస్తాయి, కొన్ని నిద్రలో బయటికొస్తాయి. కొందరికి వారానికోసారి, కొందరికి నెలకోసారి, కొందరికి అసలు లేదు. మూడూ మామూలే. చేత్తో చేసుకునే అలవాటు వల్ల కూడా కళ్ళు లోతుకు పోవు, చెంపలు పీక్కుపోవు, నరాలు చచ్చుబడవు. వీర్యంలో వీర్యకణాల వంతు చాలా తక్కువ, మిగిలిందంతా గ్రంథులు ఊరించే ద్రవం. ఒక్కసారి పోయేది చెంచాడు కూడా ఉండదు. అందులో మాంసకృత్తులు గ్రాములో ఐదోవంతు కూడా తేలవు. ఒక కోడిగుడ్డులో దాదాపు 6 గ్రాములుంటాయి.

నలభై చుక్కల రక్తం ఒక చుక్క వీర్యం అవుతుందన్న మాట మన తాతలు చెప్పిందే అనుకుంటాం. 1760లో స్విట్జర్లాండ్ వైద్యుడు టిస్సో కూడా అచ్చంగా అదే నలభై లెక్క రాసి యూరప్ కుర్రాళ్ళను వణికించాడు. అక్కడ ఆ భయం చాలావరకు వదిలింది. మన దగ్గర అది గోడలెక్కింది. 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ అనే మన మానసిక వైద్యుడు దీన్ని గమనించి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. ఆ పేరు వీర్యం పోవడానికి కాదు, పోతోందన్న భయానికి. నీరసం, ఆకలి లేకపోవడం, చదువు మీద ధ్యాస నిలవకపోవడం, తప్పు చేశానన్న దిగులు, అన్నీ నిజంగానే ఉంటాయి. అవి తెచ్చిపెట్టింది భయం.

గోడ మీద ఆ రాతలు రాయించడం కూడా నేరమే. 1954లో పార్లమెంటు మందులు, మాయ చికిత్సల ప్రకటనల మీద ఒక చట్టం చేసింది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు. చట్టం వయసు డెబ్బై దాటింది. సున్నం కొట్టిన ప్రతిసారీ గోడ మీద రాత మళ్ళీ కొత్తగా పడుతూనే ఉంది.

ఆ గోడలకు మన జిల్లాలోనే ఒక జవాబూ పుట్టింది. నాస్తికవాది గోరా గారి కొడుకు డాక్టర్ సమరం విజయవాడ నుంచి స్వాతి వారపత్రికలో ఈ ప్రశ్నలకు ఏళ్ళ తరబడి జవాబులు రాశారు. మా తరంలో ఆ పేజీని దిండు కింద పెట్టుకుని చదవనివాళ్ళు తక్కువ. ఇంట్లో ఎవరైనా వస్తే పక్క పేజీలో ఉన్న సీరియల్ చదువుతున్నట్టు నటించేవాళ్ళం. ప్రశ్నలు దాదాపు అవే, వారం వారం. ఊరు మారేది, పేరు స్థానంలో పొడి అక్షరాలు మారేవి. ఆ దిగులు నా ఒక్కడిదే కాదన్న సంగతి ఆ జవాబులకన్నా, అన్ని ఊళ్ళ నుంచి అవే ప్రశ్నలు రావడం వల్లే నాకు ఎక్కువగా అర్థమైంది.

మరి కుర్రాడి ఆయాసం? ఆరోగ్య కేంద్రానికి పొమ్మంటే వెళ్ళి రక్తం చూపించుకున్నాడు. హిమోగ్లోబిన్ 11.6. మగవాడికి 13కు తగ్గితే రక్తహీనతే. బడిలో వారానికోసారి ఇచ్చిన నీలం ఐరన్ మాత్రను కిటికీలోంచి పారేసిన బ్యాచి వీడిది. పైగా పొద్దున్నే ఒట్టి టీ తాగి పరుగు. వారానికోసారి పోయేదాని మీద దృష్టి పెట్టి, రోజూ కంచంలో లేనిదాన్ని ఎవరూ చూడలేదు.

ఛాతీ సంగతి కూడా చెప్పాలి, ఇది ఎవరూ నోరు విప్పి అడగరు. పదమూడు, పద్నాలుగేళ్ళప్పుడు సగానికి పైగా మగపిల్లలకు చనుమొన కింద రూపాయి బిళ్ళంత గట్టిగా తగులుతుంది, ముట్టుకుంటే నొప్పి. హార్మోన్ల తూకం కుదురుకునేదాకా అలా ఉండి, ఆరు నెలల నుంచి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. ఈలోపు ఆ పిల్లవాడు ఎండాకాలంలో బనీను మీద రెండు చొక్కాలు వేస్తాడు, మునేటికి ఈతకు రమ్మంటే జలుబంటాడు, మాటిమాటికీ భుజాలు ముందుకు వంచుతాడు. రెండేళ్ళు దాటాక కూడా తగ్గకపోయినా, బాగా పెరుగుతున్నా, ఒకవైపే గట్టి గడ్డలా ఉన్నా డాక్టరుకు చూపించాలి. కొందరిది ఒట్టి కొవ్వు, ఒళ్ళు తగ్గితే అదీ తగ్గుతుంది. గొంతు బొంగురుపోయి కీచుమనడం కొన్ని నెలల ముచ్చట, దాని గురించి దిగులొద్దు. రామాలయం భజనలో ఆ కొన్నాళ్ళూ తాళాలు వాయించు.

జననాంగం కొలత గురించి ఒకే మాట. ముక్కులు, చెవులు మనిషికో రకంగా ఉన్నట్టే అదీ ఉంటుంది. పైనుంచి కిందికి చూసుకుంటే అందరికీ తమది చిన్నదిగానే కనపడుతుంది. ఫోన్లో చూసే వీడియోలు ఏరికోరి తీసినవి, వాటితో పోలిక పెట్టుకోవద్దు. రెండు వృషణాల్లో ఒకటి, ఎక్కువగా ఎడమది, కాస్త కిందికి ఉండటం చాలామందిలో ఉన్నదే.

దిగులు పడాల్సినవి వేరే ఉన్నాయి. ఉన్నట్టుండి వృషణంలో భరించలేని నొప్పి, వాంతి వస్తే అది మెలితిరిగి ఉండొచ్చు. ఆరు గంటల లోపు ఆపరేషన్ జరిగితే దక్కే అవకాశం ఎక్కువ. అర్ధరాత్రయినా సిగ్గుపడకుండా నాన్నను లేపి పెద్దాసుపత్రికి పో, పొద్దున చూద్దామని మాత్రం పడుకోవద్దు. నొప్పి లేని గట్టి గడ్డ చేతికి తగిలినా చూపించాలి. ఆ చోట వచ్చే క్యాన్సరు ముసలివాళ్ళకన్నా కుర్రవాళ్ళలోనే ఎక్కువ, త్వరగా పట్టుకుంటే నయమవుతుంది. తిత్తిలో ఒకటే వృషణం తగులుతున్నా, వరిబీజంలా వాచినా నాటువైద్యం పెట్టుకోవద్దు.

జిమ్ముల సంగతి. కండలు పెంచితే తప్పులేదు. కానీ ఎవరో తెచ్చిపెట్టే ఇంజక్షన్ టెస్టోస్టెరాన్ అయితే, బయటినుంచి సరుకు వస్తోంది కదా అని శరీరం తన తయారీ మానేస్తుంది. వృషణాలు చిన్నవవుతాయి, మొటిమలు వస్తాయి, రొమ్ములు పెరుగుతాయి. ఇంకా పెరిగే వయసులో ఉన్నవాడికి ఎముకల పొర ముందే మూసుకుని ఎత్తు ఆగుతుంది. ఒళ్ళు చేయడానికని కొందరిచ్చే చిన్న చిన్న తెల్ల మాత్రలు స్టిరాయిడ్లు. మొహం ఉబ్బుతుంది, బలం రాదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు ప్రోటీన్ పొడులు వద్దనే అన్నాయి. కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలని అదే సంస్థ లెక్క. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. పప్పు, గుడ్లు, పెరుగు, వేరుశనగలతో వచ్చేస్తుంది. కండలుంటేనే మగాడనుకుంటే, మన జగ్గయ్యపేట స్తూపంలో దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం ఫొటో ఎక్కడైనా కనపడితే చూడు. క్రీస్తుకు ముందటి శిల్పి ప్రపంచాన్ని ఏలిన రాజును చెక్కాడు. సన్నటి నడుము, పొడుగాటి కాళ్ళు, కండలు ఎక్కడా లేవు.

డాక్టరు దగ్గరికి వెళ్ళినా నోరు రాదు, నాకు తెలుసు. అందుకే చీటీ మీద రాసుకుని వెళ్ళు. "సార్, ఒంటరిగా మాట్లాడాలి" అని ఆ చీటీ చేతికివ్వు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పది నుంచి పందొమ్మిదేళ్ళ వయసువాళ్ళ కోసమని 2014 నుంచి కేంద్రం ఒక కార్యక్రమం నడుపుతోంది, నీ సందేహం అక్కడ అడగదగ్గదే. మనసు మరీ కుంగితే 14416కు ఫోన్ చెయ్. టెలీ మానస్ అంటారు, ఏ వేళప్పుడైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

నాలుగు నెలలయ్యాక ఆ కుర్రాడు ఒక ఆదివారం తెల్లవారుజామున మళ్ళీ మా ఇంటికొచ్చాడు. ఐరన్ మాత్రలు వాడాడు, ఉదయం రెండు గుడ్లు తిని పరుగెడుతున్నాడు, 1600 మీటర్లు ఏడున్నర నిమిషాల్లో వస్తున్నాయట. మా వసారా గోడకు నిలబెట్టి పుస్తకం పెట్టి కొలిచాను. 167.2. నాలుగు మిల్లీమీటర్లు తక్కువ. మొదటిసారి వచ్చినప్పుడు మేం గీసిన గీతా అక్కడే ఉంది, రెండూ ఒక్కచోటే పడ్డాయి. వాడు కాసేపు ఆ గీత వంక చూసి, "గ్రూప్ పరీక్షల్లో చాలా పోస్టులకు ఎత్తు అడగరు కదా సార్" అన్నాడు.

వెంట వాళ్ళ తమ్ముడొచ్చాడు. ఏడో తరగతి. ఎవరూ అడక్కుండానే చెప్పులు విడిచి, మడమలు గోడకు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. పుస్తకం తీశాక ఇంత కిందనా అన్నట్టు అన్న గీత వంక తలెత్తి చూశాడు. నేను తేదీ వేస్తుంటే పెన్సిల్ లాక్కుని, పక్కన తన పేరు తనే రాసుకున్నాడు.